కోసిన పువ్వు, పంపిన కబురు

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. చాప పరిచాను, సర్దుకుని కూర్చోండి. వెనకాలున్నవాళ్లు కాస్త ముందుకి జరగండి, నా గొంతు అంతదూరం రాదు.

నిన్న బామ్మ పుట్టినరోజుకని చికాగోలో ఉన్న మీ బాబాయి పంపిన గులాబీలు చూశారుగా. పొద్దున్నే బుజ్జి నా దగ్గరికొచ్చి, "తాతయ్యా, అమెరికా నుంచి విమానంలో వచ్చినా ఈ పూలు ఒక్కటీ వాడలేదేం?" అనడిగింది. ఎంత మంచి ప్రశ్నో! బంగారుతల్లీ, ఆ పూలు అమెరికా మొహమే చూడలేదమ్మా. మన ఊరి బస్టాండు పక్కనున్న పూలకొట్లో కట్టిన బొకే అది. బాబాయి అక్కణ్ణించి పంపింది డబ్బు, దాంతోపాటు "మా అమ్మకి ఎర్ర గులాబీలు అందజెయ్యండి" అన్న కబురు. అంతే. పూలు ఇక్కడివే, నీళ్లూ ఇక్కడివే.

వినగానే "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది. కానీ పూలు పంపాలంటే పూలని పంపక్కర్లేదన్న ఉపాయం మనుషులకి తట్టడానికి చాలాకాలం పట్టింది. అంతకుముందు పూలని ఓడలెక్కించారు, రైళ్లెక్కించారు, ఐసు పెట్టెల్లో దాచారు. పువ్వు ఎందుకు వాడుతుందో కనిపెట్టాలని మహామహా శాస్త్రవేత్తలు కూర్చుని బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. ఆ సంగతులన్నీ ఇవాళ చెప్తాను. వంట అవడానికి ఇంకా టైముంది.

ముందు పువ్వు సంగతి తెలియాలి. కొమ్మ నుంచి తుంచగానే పువ్వు చచ్చిపోయిందని అనుకుంటాం. కాదర్రా. అది బతికే ఉంటుంది, ఊపిరి తీస్తూనే ఉంటుంది. లోపల దాచుకున్న చక్కెరని కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ, ఆక్సిజన్ తీసుకుంటూ, కార్బన్ డయాక్సైడ్ వదుల్తూ ఉంటుంది. చెట్టుమీద ఉన్నన్నాళ్లూ ఆకులు వండి పెట్టేవి, వేళ్లు నీళ్లు తోడిపెట్టేవి. తుంచిన క్షణంలోనే ఆ రెండూ పోయాయి. చద్దిమూట కట్టుకుని దూరప్రయాణం బయల్దేరిన మనిషి అనుకోండి దాన్ని. మూటలో ఏముంటే అదే తినాలి, దారిలో పెట్టేవాళ్లెవరూ లేరు. ఈ ప్రయాణికుడికి ఇంకో చిత్రమైన గుణం ఉంది. వేడిగా ఉంటే ఆకలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. పది డిగ్రీల వేడి పెరిగిందంటే పువ్వు ఊపిరి తీసే జోరు రెండింతలో మూడింతలో అవుతుంది. మూట అంత తొందరగా ఖాళీ అవుతుంది. అందుకే పూలవ్యాపారి కన్ను ఎప్పుడూ రెండింటి మీదే ఉంటుంది: గడియారం మీద, ఎండ మీద.

మూటలో తిండి ఉన్నా దాహం మాట వేరు. కాడలో వెంట్రుక కన్నా సన్నని గొట్టాలు ఉంటాయి. రేకల నుంచీ ఆకుల నుంచీ నీరు ఆవిరైపోతుంటే, ఆ లాగుడికి కింది నీరు పైకి ఎక్కుతుంది. స్టీఫెన్ హేల్స్ అని ఇంగ్లండులో ఒక చర్చి పాదిరీగారు ఉండేవారు. ఆయనకి చెట్లు నీళ్లెలా తాగుతాయో చూడాలని తెగ తపన. పొద్దుతిరుగుడు మొక్కని కుండీతో సహా పొద్దునా సాయంత్రం తూకం వేసి, ఎన్ని నీళ్లు గాల్లో కలిసిపోతున్నాయో లెక్కకట్టి 1727లో పుస్తకం వేశారు. ప్రార్థనలు అయ్యాక త్రాసు పట్టుకుని మొక్కల చుట్టూ తిరిగే ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు ఎంత ముచ్చటేస్తుందో! పంపు లేదు, మోటారు లేదు, మరి అంతెత్తు చెట్టు కొసకి నీళ్లెలా వెళ్తాయన్న ప్రశ్న ఆయన తరవాత కూడా చాలాకాలం మిగిలిపోయింది. 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే ఇద్దరు జవాబు చెప్పారు. నీటి కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయట. పైన ఒకటి ఆవిరై పోతూ పోతూ తన వెనకున్న వరసనంతా పైకి లాగుతుందట. తెగకుండా ఉన్నంతసేపే ఆ వరస.

ఎక్కడ తెగుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. కత్తెర పెట్టినచోట! కోయగానే గొట్టం మొదట్లోకి సర్రున గాలి దూరుతుంది. ఆ గాలిబుడగ అడ్డుపడితే, తరవాత సీసాడు నీళ్లలో పెట్టినా పువ్వు తాగలేదు. గులాబీ ఒక్కోసారి రేకలన్నీ బాగానే ఉండి మెడ మాత్రం వాల్చేస్తుందే, దానికి ఇదొక కారణం. అందుకే పూలు ఇంటికి తెచ్చాక కాడ కొసని రెండు వేళ్ల మేర నీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే ఏటవాలుగా కోయాలి. బుడగ ఉన్న ముక్క పోతుంది, కొత్త కోతలోకి గాలి బదులు నీరే వెళ్తుంది. ఇక రెండో శత్రువు సూక్ష్మజీవులు. నీళ్లలో మునిగిన ఆకులు కుళ్లి, జిగట పట్టి, గొట్టాల మూతులు మూసేస్తాయి. పూలసీసాని మనం మంచినీళ్లు తాగే గ్లాసంత శుభ్రంగా కడగాలన్నమాట. పూలకొట్లో ఇచ్చే చిన్న పొట్లంలో ఉండేదేమిటో తెలుసా? కొంచెం చక్కెర, నీళ్లని కాస్త పుల్లబరిచే ఆమ్లం, సూక్ష్మజీవుల్ని చంపే మందు. చద్దిమూటలోకి ఇంకో నాలుగు ముద్దలు వేసి పంపడమే.

మన మల్లెల రైతులకి ఇదంతా ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. కానీ చూడండి, తెల్లవారుజామునే వెళ్లి మొగ్గలు కోస్తారు. అప్పుడు చల్లగా ఉంటుంది, రాత్రంతా మొక్క నీళ్లు తాగి నిండుగా ఉంటుంది. విచ్చిన పువ్వుని కోయరు, సాయంత్రానికి విచ్చుకోబోయే మొగ్గనే ఏరి ఏరి కోస్తారు. బుట్ట మీద తడిగుడ్డ కప్పుతారు. ఆ గుడ్డ ఆరుతూ ఆరుతూ బుట్టని చల్లబరుస్తుంది. సాయంత్రం అమ్మ జడలో చేరాకగానీ అది విచ్చదు. ఎవరు చెప్తే వచ్చింది ఈ తెలివి? తరతరాలుగా చూసి చూసి నేర్చుకున్నది.

సరే, ఇక ఓడ ఎక్కుదాం. ఇంగ్లండు పటంలో నైరుతి మూల చూస్తే నేల సన్నగా సముద్రంలోకి చొచ్చుకుని పోయి ఆగిపోతుంది. ఆ చివరికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ల్యాండ్స్ ఎండ్', నేల కొస. అక్కణ్ణించి ఇంకో 45 కిలోమీటర్లు సముద్రంలో పోతే సిల్లీ దీవులు. చిన్న చిన్న దీవులు. చుట్టూ ఉన్న సముద్రం మరీ చల్లబడకపోవడం వల్ల లండనులో జనం చలికి వణుకుతున్న రోజుల్లో కూడా అక్కడ మంచు గడ్డకట్టడం అరుదు. పూర్వం వాళ్లు సముద్రపు నాచు కాల్చి సోడా బూడిద అమ్ముకున్నారు. కొన్నాళ్లు కొయ్య ఓడలు కట్టారు, ఇనప ఓడలొచ్చి ఆ పని పోయింది. తరవాత అందరికన్నా ముందుగా పండే బంగాళాదుంపలు పంపారు. అయినా బతుకు బొటాబొటీగానే ఉండేది.

ఆ దీవుల్లో డాఫడిల్స్ కుటుంబానికి చెందిన నార్సిసస్ అనే పూలు గట్ల మీదా పెరళ్లలోనూ వాటంతటవే పూసేవి. పసుపు రేకలు, నడుమ నారింజ రంగు గిన్నె, ఘుమఘుమలాడే వాసన. ఒక్కో కాడకి ఒక గుత్తి. చలికాలంలోనే పూసేస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో విలియం ట్రెవెలిక్ అనే రైతు ఈ పూలు కొన్ని కోసి టోపీలు పెట్టుకునే అట్టపెట్టెలో సర్ది లండను కోవెంట్ గార్డెన్ మార్కెట్టుకి పంపాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చలికాలంలో, బొగ్గుపొగ కమ్మిన లండనులో, పసుపు పూలు! ఎగబడి కొన్నారు. దీవుల్ని కౌలుకి తీసుకుని ఏలుతున్న అగస్టస్ స్మిత్ 1872లో పోయాక, ఆయన తమ్ముడి కొడుకు అల్జెర్నాన్ డొరియన్ స్మిత్ వచ్చి ఈ పూలసాగుని నిజమైన వ్యాపారంగా నిలబెట్టాడు. హాలండు దాకా వెళ్లి దుంపల రకాలు చూసొచ్చాడు. సముద్రపు గాలి ఊరుకోదు కదా, చిన్న చిన్న మళ్లు చేసి, ఒక్కోదాని చుట్టూ మనిషిని మించిన ఎత్తున పచ్చని కంచెలు పెంచారు. ఇప్పటికీ ఆ దీవుల్ని పైనుంచి చూస్తే పచ్చని గళ్లు గళ్లుగా కనిపిస్తాయి.

ఇక్కడ మీరు రైలుకి దణ్ణం పెట్టాలి. 1859లో బ్రూనెల్ అనే ఇంజినీరు టామర్ నది మీద సాల్టాష్ దగ్గర పెద్ద వంతెన కట్టడంతో కార్న్‌వాల్ సీమకి లండను నుంచి రైలుదారి కలిసింది. అది లేకపోతే టోపీపెట్టె కథ లేదు. ఆవిరి ఓడలో పెంజాన్స్ రేవుకి, అక్కడ రైలు పెట్టెలోకి, రాత్రంతా ప్రయాణం, తెల్లారేసరికి లండను మార్కెట్టు. పూలని మొగ్గ మీదనే కోసేవారు. మొగ్గ విచ్చకముందు పక్కకి వంగి మెడ తిప్పినట్టు నిలబడుతుంది, అదీ కోతకి సరైన అదను. ఆడవాళ్లూ పిల్లలూ షెడ్లలో కూర్చుని డజను డజను కాడలుగా కట్టలు కట్టేవారు. డాఫడిల్ కాడ తెగినచోట ఒక జిగురు కారుతుంది, అది తగిలి తగిలి కోతగాళ్ల చేతులు దద్దుర్లెక్కేవి. ఆ జిగురు ఉన్న నీళ్లలో వేరే పూలని పెడితే అవి తొందరగా వాడిపోతాయి కూడా. డాఫడిల్స్‌ని ముందు విడిగా ఒక బాల్చీలో ఉంచి, జిగురు కారిపోయాకే మిగతావాటితో కలుపుతారు.

ఆ దీవుల రైతులు ఇంకో వింత కనిపెట్టారు. దుంపలు నేలలో ఉండగానే మడి మీద గడ్డి తగలబెట్టి పొగ తగిలిస్తే, ఆ ఏడు పువ్వులు ముందుగా, ఎక్కువగా వస్తాయి. పొగకీ పూతకీ ఏమిటి చుట్టరికం? ఆ ముడి అలాగే ఉంచండి, కాసేపట్లో విప్పుతాను.

ఈలోగా అమెరికా వెళ్లొద్దాం. న్యూయార్కుకి ఉత్తరాన, హడ్సన్ నది ఒడ్డున రైన్‌బెక్ అని ఊరు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ ఊరి నిండా గాజు ఇళ్లే. ఏ ఇంట చూసినా వయొలెట్లు. ఊదారంగు చిట్టిపూలు, కాడ మన చిటికెన వేలంత పొడవు. ఆ రోజుల్లో వయొలెట్ గుత్తి గుండీకి గుచ్చుకోకుండా పట్నం ఆడవాళ్లు నాటకాలకి వెళ్లేవారు కాదు. గుత్తి చుట్టూ దాని ఆకులే వరసగా పేర్చి కట్టి, పెట్టెల్లో పెట్టి, నది వెంబడి పోయే రైల్లో న్యూయార్కుకి దింపేవారు. వయొలెట్‌కి ఒక ముద్దైన గుణం ఉంది. అది కాడతోనే కాదు, రేకలతో కూడా నీళ్లు తాగుతుంది. వాడిన గుత్తిని తలకిందులుగా నీళ్లలో ముంచి లేపితే మళ్లీ కళకళలాడుతుంది.

దాని వాసన ఇంకా తమాషా. ఒకసారి పీలిస్తే ఆహా అనిపిస్తుంది, వెంటనే ఇంకోసారి పీలిస్తే ఏమీ తెలియదు. వాసన పోయిందా అంటే పోలేదు, అయోనోన్ అనే పదార్థం మన ముక్కునే కాసేపు మొద్దుబారుస్తుంది. కొంచెం ఆగి పీలిస్తే మళ్లీ ఘుప్పుమంటుంది. 1893లో జర్మనీలో టీమాన్, క్రూగర్ అనే రసాయనశాస్త్రవేత్తలు ఈ అయోనోన్‌ని పట్టుకుని, ప్రయోగశాలలో తయారుచేశారు. తరవాత వయొలెట్ అత్తరుకి పువ్వే అక్కర్లేకుండా పోయింది. నాకిది తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో మీకెలా చెప్పను! ఏదో పాట సగంలో ఆగి మళ్లీ మొదలైనట్టు అనిపించే ఆ వాసన వెనక, మన ముక్కు లోపల జరిగే ఇంత కథ ఉందా అని.

పట్నం పూలకొట్లలో ఐసు పెట్టెలుండేవి. ముందువైపు గాజు తలుపు, లోపల కింద పూలు, పైన గదిలో ఐసుగడ్డ. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగి పూలని చుట్టుకునేది. కార్నేషన్ లాంటి పూలకి సున్నా దగ్గర్లోని చలి కూడా హాయే. అందరికీ ఒకే చలి పనికిరాదు సుమా. వేడి దేశాల ఆంథూరియం పువ్వుని ఐసుపెట్టెలో పెట్టారో, పది డిగ్రీల పైనుండగానే నల్లబడిపోతుంది. గ్లాడియోలస్‌ది మరో పేచీ. అడ్డంగా పడుకోబెట్టి పంపితే దారిలోనే దాని కొస మెల్లిగా పైకి వంగిపోతుంది. కోసినా సరే, ఏది పైన ఏది కింద అన్నది దానికి తెలుస్తూనే ఉంటుంది. అందుకని నిలబెట్టే పంపాలి. తులిప్ అయితే సీసాలో పెట్టాక కూడా ఇంకొన్ని వేళ్లు పొడుగు పెరుగుతుంది. కోసిన పువ్వు బతికే ఉందని నేనన్నది ఊరికే కాదు!

ఇప్పుడు ఆ పొగ ముడి. చికాగో చుట్టుపక్కల కార్నేషన్ల సాగు జోరుగా ఉండేది. పెంచేవాళ్లకి ఒక పెద్ద బెడద. గాజు ఇళ్లలో శుభ్రంగా విచ్చిన పూలు ఉన్నట్టుండి రేకలు ముడుచుకుని, మళ్లీ తెరుచుకునేవి కావు. "కార్నేషన్లు నిద్రపోయాయి" అనేవారు. నీళ్లు తగ్గాయా అంటే లేదు. తెగులా అంటే కాదు. చికాగో విశ్వవిద్యాలయంలో విలియం క్రాకర్, లీ నైట్ అని ఇద్దరు ఈ నిద్ర సంగతి తేల్చాలని పూనుకున్నారు. ఆ కాలంలో దీపాలు వెలిగించడానికి బొగ్గు నుంచి తీసిన గ్యాసు గొట్టాల్లో వచ్చేది. గొట్టం ఎక్కడైనా కొంచెం కారినా పూలు పడుకునేవి. గ్యాసులో చాలా వాయువులుంటాయి కదా, దోషి ఎవరు? ఒక్కొక్కటే విడదీసి, పూల మీద పరీక్షించి, 1908లో తేల్చి చెప్పారు: ఇథిలీన్. లక్షల పాళ్ల గాలిలో ఒక్క పాలు కలిసినా చాలు, సగం రోజులో విచ్చిన పువ్వు ముడుచుకుపోతుంది. మన ముక్కుకి అందనంత తక్కువది పువ్వుకి తెలిసిపోతుంది!

వీళ్లకి ముందే రష్యాలో ఒక కుర్రాడు దీన్ని పట్టుకున్నాడు. సెయింట్ పీటర్స్‌బర్గులో దిమిత్రీ నెల్యుబోవ్ బఠానీ మొలకలు పెంచుతుంటే, గదిలో ఉన్నవి పొట్టిగా లావుగా అయి పక్కకి వాలిపోయేవి. అదే బయటి గాలి పెడితే నిటారుగా లేచేవి. గదిలో గ్యాసు దీపం. దాంట్లో ఇథిలీన్ వల్లనే ఇదంతా అని 1901లో రాశాడు. ఇథిలీన్ బయటి నుంచి వచ్చేదే అని అప్పుడనుకున్నారు. 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్, పండుతున్న యాపిల్ పండ్లు ఈ వాయువుని తమంతట తామే తయారుచేస్తాయని రుజువు చేశాడు. అంటే ఇథిలీన్ మొక్కలు ఒకదానికొకటి పంపుకునే మాటే. "పండు, రాలు, ముడుచుకో" అని చెప్పే మాట.

మన ఊళ్లో అరటిగెలలు గదిలో పెట్టి పొగబెడతారే, ఆ పొగలో ఉన్నదీ ఇథిలీనే. సిల్లీ దీవుల్లో గడ్డిపొగతో దుంపల్ని లేపిందీ అదే. మామిడికాయలు గడ్డిలో కప్పి పెడితే ఒకదాని ఊపిరితో ఇంకోటి పండుతుంది, అక్కడా ఇదే. మొగ్గని లేపేదీ, కాయని పండించేదీ, కార్నేషన్‌ని నిద్రపుచ్చేదీ ఒకే వాయువు. పువ్వుకి పుప్పొడి అంది గర్భం కట్టాక కూడా కార్నేషన్లూ ఆర్కిడ్‌లూ సొంతంగా ఇథిలీన్ వదిలి రేకలు ముడుచుకుంటాయి. తుమ్మెదని పిలిచే పని అయిపోయాక రేకలకి తిండి పెట్టడం దండగ కదా.

1908లోనే ఇంకోటి జరిగింది. అమెరికాలో ఆనా జార్విస్ అనే ఆవిడ తన తల్లి జ్ఞాపకంగా, వెస్ట్ వర్జీనియాలో గ్రాఫ్టన్ అనే ఊరి చర్చికి 500 తెల్ల కార్నేషన్లు పంపింది. అమ్మల కోసం ఒక రోజు ఉండాలన్న ఆవిడ పట్టుదల ఫలించి, 1914లో అధ్యక్షుడు విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించాడు. కొట్లవాళ్లు ఆ రోజుకి కార్నేషన్ల ధరలు పెంచేసరికి పాపం ఆవిడకి గుండె రగిలిపోయింది. మిగిలిన జీవితమంతా ఆ వ్యాపారంతో పోట్లాడుతూనే ఉంది. ఆవిడ బాధ న్యాయమైనదేనని నా అభిప్రాయం.

ఇంత చేసినా, ఐసు పెట్టినా, రైలెక్కించినా, డెన్వర్‌లో ఉన్న కొడుకు దాదాపు మూడు వేల కిలోమీటర్ల అవతల బోస్టన్‌లో ఉన్న తల్లికి ఇవాళే పూలు అందించాలంటే కుదరదు. చద్దిమూట ఎంత పెద్దదైనా రోజుల తరబడి దూరం దూరమే. అప్పుడు కొందరు పూలకొట్లవాళ్లకి తట్టింది: పువ్వుని ఎందుకు కదపాలి? తంతి ఉందిగా! తంతి అంటే టెలిగ్రాం. మీరు చూడలేదు, మన దేశంలో 2013 జులైలో ఆపేశారు. టకటకమంటూ చుక్కలూ గీతలుగా కబురు నిమిషాల్లో వెళ్లేది. డెన్వర్ కొట్టువాడు డబ్బు పుచ్చుకుని బోస్టన్ కొట్టువాడికి తంతి కొడతాడు. బోస్టన్ వాడు తన కొట్లో ఉన్న తాజా పూలు కట్టి, ఆ వీధి తెలిసిన కుర్రాడి చేత పంపిస్తాడు. బెర్లిన్‌లో మాక్స్ హ్యూబ్నర్ ఇదే ఆలోచనతో 1908లో పూలకొట్ల సంఘం పెట్టాడు, అదే తరవాత ఫ్లూరోప్ అయింది. అమెరికాలో 1910లో డెన్వర్‌కి చెందిన జాన్ వాలెంటైన్ పెద్దరికాన గుప్పెడుమంది కొట్లవాళ్లు కలిసి 'ఫ్లోరిస్ట్స్ టెలిగ్రాఫ్ డెలివరీ' పెట్టుకున్నారు. కాళ్లకి రెక్కలున్న రోమన్ల వార్తాహరుణ్ణి, మెర్క్యురీని, తమ గుర్తుగా పెట్టుకున్నారు. 1917లో "పూలతో చెప్పండి" అన్న ప్రకటన పుట్టింది. స్కాట్లాండు గ్లాస్గోలో ఒక పూలకొట్టాయన, ఇంగ్లండులో కార్నేషన్లు పెంచే ఒక తోటాయన అమెరికావాళ్లకి ఉత్తరం రాస్తే, 1923లో బ్రిటన్‌లోనూ మొదలైంది. 1946లో ఈ మూడు గుంపులూ చేతులు కలిపి ఇంటర్‌ఫ్లోరా అయ్యాయి.

దీంట్లో నాకు అన్నిటికన్నా నచ్చేది నమ్మకం. ఆలోచించండి. డబ్బు డెన్వర్‌లో ఉంది, పూలు బోస్టన్‌లో ఇచ్చేశారు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. బోస్టన్ వాడు వాడిన పూలిస్తే చెడ్డపేరు డెన్వర్ వాడికి. డెన్వర్ వాడు డబ్బు ఎగ్గొడితే నష్టం బోస్టన్ వాడికి. అందుకే సంఘం కావలసొచ్చింది. ఎవరు చేరచ్చో చూడాలి, ఎవరెవరికి ఎంత ఇవ్వాలో ఒకచోట లెక్క రాయాలి, తేడా వస్తే తీర్పు చెప్పాలి. కబురు తీసుకున్న కొట్టుకి మొత్తంలో దాదాపు అయిదో వంతు, కట్టి అందించిన కొట్టుకి మిగతాదాంట్లో చాలా భాగం. అడిగిన పువ్వు ఆ రోజు దొరక్కపోతే అదే విలువకి ఇంకోటి పెట్టాలి. దేశాలు దాటేసరికి డాలర్లూ పౌండ్లూ మార్కులూ కలగాపులగం అవుతాయని, లెక్కల కోసం 'ఫ్లూరిన్' అని సొంత నాణెం పేరు కూడా పెట్టుకున్నారు. చేతిలో పట్టుకునే నాణెం కాదు, ఖాతా పుస్తకంలో మాత్రమే ఉండే డబ్బు. పూల పేరుతో డబ్బు, విన్నారా ఎక్కడైనా!

అంత వ్యవస్థా చివరికి ఆనుకున్నది ఊరి పూలకొట్టు మీదే. ఏ వీధిలో ఏ ఇల్లు ఎక్కడుందో, పెళ్లింటికి ఏం కట్టాలో, చావింటికి ఏం కట్టాలో, ఇవాళ పొద్దున వచ్చిన సరుకులో ఏది రెండు రోజులు నిలుస్తుందో తెలిసింది అక్కడి మనిషికే. కబురు ప్రపంచమంతా తిరగచ్చు, ఆ చేతులు మాత్రం ఆ ఊళ్లోనే ఉండాలి. నిన్న మన బస్టాండు దగ్గర అమ్మాయి, కాడల కొసలు నీళ్లలోనే కోసి, మునిగే ఆకులు తీసేసి, బొకే కట్టింది చూశాను. బామ్మ పేరు కూడా కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో తనే రాసింది.

ఇక మీకో పని. రేపు నాతో వచ్చి రెండు కార్నేషన్లు కొనుక్కురండి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి చెరొకటీ పెట్టండి. ఒకదాని పక్కన బాగా మగ్గిన అరటిపండు పెట్టి, ఆ పువ్వునీ పండునీ కలిపి పెద్ద ప్లాస్టిక్ కవరు కప్పండి. రెండోదానికి ఉత్త కవరే. నీడలో పెట్టండి, రోజూ చూసి రాసుకోండి. పండు పక్కనున్నది ముందు ముడుచుకుంటే క్రాకర్, నైట్ చూసినది మీరూ చూసినట్టే. ముడుచుకోకపోతే ఏడవకండి, అది ఇంకా మంచి కథ. 1978లో డచ్చి శాస్త్రవేత్తలు వెండి కలిసిన ఒక మందు కనిపెట్టారు, అది తాగించిన కార్నేషన్‌కి ఇథిలీన్ మాట చెవికెక్కదు. తోటలోనే తాగించి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పువ్వు తాగిందో లేదో అరటిపండే చెప్తుంది.